ఆష్‌విల్: కొండనీటి మీద నిలిచిన బీరుపట్టణము

కల్లుపాక యన్నను, సారాయంగడి యన్నను మన ఇండ్లలో ముఖము చిట్లించుట పరిపాటి. త్రాగుడు వలన కాపురములు కూలుట కన్నులార చూచినవారు అట్లు చిట్లించుటలో వింత లేదు. అయినను పానీయము తయారుచేయుట యొక వృత్తి. దానికొక శాస్త్రము, ఒక చరిత్ర, ఒక చట్టము కలవు. ఈ మూడును ఒక చిన్న కొండపట్టణములో ఏరీతిగ ముడిపడినవో, ఆ ముడి మీద ఎందరి బ్రదుకులు ఆధారపడినవో, తుదకు ఒక పెనువరద దాని నెట్లు పరీక్షించినదో వివరించుట ఈ ప్రసంగమున మా యుద్దేశము. ఆ పట్టణము పేరు ఆష్‌విల్.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో తూర్పుప్రక్కన, అట్లాంటిక్ తీరమునకు ఇంచుమించు సమాంతరముగ అపలేచియన్ పర్వతశ్రేణి సాగుచున్నది. ఉత్తర కరోలినా రాష్ట్రపు పడమటి భాగమున ఈ శ్రేణిలో బ్లూ రిడ్జ్ అను కొండల వరుస కలదు. దూరమునుండి చూచువారికి నీలముగ తోచుటచే ఆ పేరు వచ్చినది; మన నీలగిరుల పేరు వంటిదే యనుకొనవచ్చును. ఆ కొండల నడుమ, ఫ్రెంచ్ బ్రాడ్ నదియు స్వననోవా నదియు కలియుచోట, ఆష్‌విల్ వెలసినది. సముద్రమట్టమునకు సుమారు 2,100 అడుగుల ఎత్తు; అనగా మన మదనపల్లెకు దాదాపు సమానము. పోలిక ఎత్తుతోనే ఆగలేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగులకు చికిత్సాలయము వెలసినట్లే, ఆష్‌విల్‌లోను చల్లని కొండగాలిని నమ్మి 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది తొలినాళ్లలోను పెక్కు క్షయ చికిత్సాలయములు వెలసెను. 1880లో రైలుమార్గము చేరిన పిదప విశ్రాంతికి వచ్చు సంపన్నుల సంఖ్య పెరిగెను. 2020 జనాభా లెక్కల ప్రకారము ఆ పట్టణ జనసంఖ్య 94,589. షార్లెట్, రాలీ నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు సెలవుదినములలో ఈ కొండల దారి పట్టుట సామాన్యమే.

ముందుగ శాస్త్రము సంగతి చూతము. మన తాటికల్లు, ఈతకల్లు, మన్యములోని జీలుగుకల్లు తమంత తామే పులియును. చెట్టునుండి కారు రసములో చక్కెర సిద్ధముగ నుండును. గాలిలోను, కుండయంచునను నుండు ఈస్టు అను సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని, మద్యసారమును బొగ్గుపులుసు వాయువును విడుచును. కల్లు నురుగులు కట్టుట ఈ వాయువు వలననే. ధాన్యముతో చేయు పానీయమునకు ఇంత సులువు లేదు. గింజలో నుండునది పిండిపదార్థము; ఈస్టు దానిని తినజాలదు. కావున పిండిని ముందు చక్కెరగ మార్చవలెను. బీరు తయారుచేయు విద్యలో సగము ఈ మార్పులోనే యున్నది.

ఈ మార్పు మన గృహిణులకు తెలియనిది కాదు. పసిబిడ్డలకు రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, దోరగ వేయించి పొడి చేయుదురు. మొలకెత్తిన రాగులతో కాచిన జావ తియ్యగను, తేలికగ అరుగునట్లుగను ఉండును. మొలకెత్తునపుడు గింజలో ఎంజైములు పుట్టి పిండిని చక్కెరగ విడగొట్ట నారంభించుటయే దీనికి కారణము. బీరు చేయువారు రాగులకు బదులు యవలను, అనగా బార్లీని, ఇట్లే నానబెట్టి, మొలకెత్తించి, మొలక సాగకముందే వేడిగాలితో ఆరబెట్టుదురు. దానినే మాల్టు అందురు. మాల్టును పలుకులుగ విరిచి, 65 మొదలు 68 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిగల నీటిలో గంటసేపు నాననిత్తురు. ఆ వేడిమిలో ఎంజైములు చురుకుగ పనిచేసి మిగిలిన పిండిని చక్కెరగ మార్చును. వేడి మించినచో ఎంజైములు నశించును. చాలనిచో పని కుంటుపడును. పొట్టును వడకట్టగ మిగిలిన తీపి కషాయమును ఒక గంట, గంటన్నర సేపు మరిగింతురు.

మరుగుచుండగ హాప్స్ అను తీగె మొక్క పూమొగ్గలను అందులో వేయుదురు. బీరులోని చేదు, పరిమళము వీనినుండి వచ్చినవే. మొగ్గలలోని కొన్ని ఆమ్లములు మరుగుట వలన రూపము మారి చేదునిచ్చును. ఆ చేదు బీరు త్వరగ చెడకుండ కాపాడును. పరిమళము ఆవిరియై పోవునది గనుక, పరిమళము కోరువారు చివరి నిమిషములలో మరికొన్ని మొగ్గలు వేయుదురు. పిదప కషాయమును చల్లార్చి ఈస్టును కలుపుదురు. గది వేడిమికి దగ్గరగ, అనగా 18 నుండి 22 డిగ్రీలలో, పులియబెట్టినది ఎయిల్. 8 నుండి 13 డిగ్రీల చలిలో మెల్లగ పులియబెట్టి, చాలదినములు చల్లగ నిలువయుంచినది లాగర్. ఆష్‌విల్ బట్టీలలో విరివిగ తయారగు ఒక రకమునకు ఇండియా పేల్ ఎయిల్ అని పేరు. 18, 19 శతాబ్దములలో ఇంగ్లండు నుండి ఓడలపై మన దేశపు రేవులకు పంపబడిన, హాప్స్ మెండుగ గల లేతరంగు బీరు నుండి ఆ పేరు నిలిచినది. ఈ విధముగ ఎక్కడనో కొండలలో నున్న ఆ పట్టణపు పలకల మీద మన దేశపు పేరు నిత్యము కనిపించుచున్నది.

యవలు, హాప్స్, ఈస్టు దూరమునుండి తెప్పించుకొనవచ్చును. నీరు మాత్రము ఉన్నచోటనే దొరకవలెను. బీరులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. అంతేగాక పాత్రలు కడుగుటకు, ఆవిరి పుట్టించుటకు, చల్లార్చుటకు కూడ నీరు కావలెను. ఒక లీటరు బీరునకు నాలుగు మొదలు ఏడు లీటర్ల వరకు ఖర్చగుట సామాన్యము. నీటిలో కరిగియున్న లవణములను బట్టి బీరు రుచి మారును. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు కఠినజలము చేదును ఎత్తి చూపును. చెక్ దేశములోని ప్లజెన్ పట్టణపు మృదుజలము తేలికయైన లాగరుకు పుట్టినిల్లయ్యెను. ఆష్‌విల్ నీరు మిక్కిలి మృదువు. నార్త్ ఫోర్క్, బీ ట్రీ అను రెండు జలాశయముల నుండి పట్టణమునకు నీరు ప్రధానముగ వచ్చుచున్నది. వాని చుట్టునుగల వేలాది ఎకరముల కొండయడవిని పురపాలకసంఘమే సొంతము చేసికొని, అందు ఇండ్లు, పొలములు, కర్మాగారములు లేకుండ కాపాడుచున్నది. లవణములు లేని నీరు వ్రాయని పలక వంటిది; తయారుచేయువాడు తనకు కావలసిన లవణమును కావలసినంత కలుపుకొనవచ్చును. ఆ వృత్తి ఆ కొండలలో పాతుకొనుటకు ఇదియొక ముఖ్యకారణము.

ఇక చరిత్ర. నేడు బీరునకు పేరుపడిన ఈ పట్టణము ఒకప్పుడు దేశమంతటికంటె ముందుగ మద్యమును వెలివేసినది. 1907లో ఆష్‌విల్ పౌరులు వోటు వేసి సారాయంగళ్లను మూయించిరి. మరుసటి యేడు, 1908 మే నెలలో, ఉత్తర కరోలినా ప్రజలు రాష్ట్రమంతట మద్యనిషేధమునకు వోటు వేసిరి. 1909 జనవరి 1వ తేదీ నుండి అది అమలులోనికి వచ్చెను. అమెరికా దేశమంతట నిషేధము వచ్చినది 1920లో. 1933లో దేశము దానిని ఎత్తివేసినపుడు కూడ ఉత్తర కరోలినా ప్రజలు ఎత్తివేతకు వ్యతిరేకముగనే వోటు వేసిరి. ఆ నిషేధము వెనుక మతగురువుల బోధలును, జీతపు డబ్బు ఇల్లు చేరక కుమిలిన స్త్రీల మొరలును ఉండెను.

మన తెలుగువారికి ఈ కథ క్రొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించుటతో రగిలిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాయి నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. రెండుచోట్లను నిషేధము క్రిందినుండి పుట్టినది. రెండుచోట్లను అమలు కష్టమయ్యెను. అపలేచియన్ కొండలలో మొక్కజొన్నతో రహస్యముగ కాచు నాటుసారా పాతకాలపు వాడుక. వెన్నెలలో కాయుదురు గనుక దానికి వెన్నెల పేరే పెట్టిరి. నిషేధకాలమున ఆ వ్యాపారము బలిసెను. కార్లలో సారా తరలించువారు పోలీసులకు చిక్కకుండ వేగముగ నడుపుటలో ఆరితేరిరి. చట్టబద్ధమైన బట్టీలు మూతపడగ, చట్టము కంటబడని బట్టీలు మండుచునే యుండెను. ఇది నిషేధము కోరినవారి బాధను తక్కువ చేయు మాట కాదు. కోరిక ఎంత న్యాయమైనదైనను, అమలుచేయు యంత్రాంగము లేనిచో ఫలము చేతికందదని మాత్రము తెలుపును.

ఆ పట్టణమునకు మరియొక దెబ్బ 1930లో తగిలెను. అంతకు ముందరి పదేండ్లలో భూముల ధరలు విపరీతముగ పెరిగి, పురపాలకసంఘము భవనములకును రోడ్లకును అప్పులు విస్తారముగ చేసెను. 1930 నవంబరులో ప్రధానమైన బ్యాంకు దివాలా తీసెను. పట్టణపు డబ్బు దానితో మునిగెను. ఋణములను ఎగవేయక తీర్చుటకు ఆష్‌విల్ నిశ్చయించుకొనెను. చివరి అప్పుపత్రములు తీరినది 1976లో. అనగా ఒక తరము చేసిన అప్పును మరి రెండు తరములవారు మోసిరి. ఆ నలుబదియారేండ్ల బీదరికము వలన ఒక అనుకోని మేలు జరిగెను. తక్కిన అమెరికా పట్టణములు పాత భవనములను కూల్చి క్రొత్తవి కట్టుకొనుచుండగ, ఆష్‌విల్ చేతిలో డబ్బు లేక 1920 నాటి భవనములు నిలిచిపోయెను. 1980 తరువాత చిత్రకారులు, గాయకులు, చిన్న వ్యాపారులు తక్కువ అద్దెలకు ఆ భవనములలో చేరిరి. బీరుబట్టీలకు కావలసిన విశాలమైన నేలమాళిగలు, గిడ్డంగులు అచ్చట సిద్ధముగ నుండెను.

దేశపు చట్టములో కూడ ఆకాలముననే మార్పు వచ్చెను. నిషేధము ఎత్తివేసిన పిదప పెద్ద సంస్థలు చిన్నవానిని మ్రింగుచు రాగా, 1970 తరువాతి యేండ్లకు అమెరికా దేశమంతటను బీరుసంస్థల సంఖ్య నూరునకు లోపునకు దిగజారెను. ఊరూర ఒకే రుచి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకము చేసిన ఒక శాసనము, సొంత వాడుకకు ఇంటిలో బీరు చేసికొనుటకు అనుమతి నిచ్చెను. నేరమనుకొన్నది వ్యాసంగమయ్యెను, వ్యాసంగములో ఆరితేరినవారు కొందరు దానిని వృత్తిగ స్వీకరించిరి. ఉత్తర కరోలినాలో 1985లో చట్టము సవరింపబడి, తయారుచేసినచోటనే బీరు అమ్ముకొనుటకు వీలు కలిగెను.

ఆష్‌విల్‌లో ఈ వృత్తికి ఆద్యుడు ఆస్కర్ వాంగ్ అనునతడు. జమైకా ద్వీపమున చైనా కుటుంబమున పుట్టి, అమెరికాలో ఇంజనీరుగ పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. 1994లో బిల్ట్‌మోర్ వీధిలోని ఒక ఫలహారశాల క్రింది నేలమాళిగలో, పాలకేంద్రముల పరికరములను మార్చి, హైలాండ్ బ్రూయింగ్ అను సంస్థ నెలకొల్పెను. ఆ కొండలకు తొలినాడు వలసవచ్చినవారిలో స్కాట్లండు, ఐర్లండు సంతతివారు పెక్కురు. వారిని తలచుకొని తన మొదటి ఎయిల్‌లలో నొకదానికి గేలిక్ ఎయిల్ అని పేరు పెట్టెను. నిషేధకాలము తరువాత ఆ పట్టణములో చట్టబద్ధముగ వెలసిన మొదటి బీరుబట్టీ అదియే. 2006లో ఆ సంస్థ పట్టణపు అంచునగల విశాలమైన కట్టడములోనికి మారెను. అటుపిమ్మట అతని కుమార్తె లియా వాంగ్ ఆష్‌బర్న్ నిర్వహణభారము వహించెను.

హైలాండ్ వెనుకనే మరికొందరు బయలుదేరిరి. 1997లో గ్రీన్ మాన్, 2001లో ఫ్రెంచ్ బ్రాడ్, 2008లో నదియొడ్డున పాత గిడ్డంగిలో వెడ్జ్, 2012లో వికెడ్ వీడ్, 2013లో బరియల్, హై-వైర్ వెలసెను. నడుమ 2005లో జరిగిన ఒక చట్టసవరణ వీరికి పెట్టనికోట యయ్యెను. అంతవరకు రాష్ట్రములో నూటికి 6 పాళ్లకు మించి మద్యసారము గల బీరు అమ్మరాదు. బెల్జియం పద్ధతి బీరులు, సంవత్సరముల తరబడి నిలువయుంచు గట్టిరకములు ఈ హద్దు వలన తయారు కాజాలకుండెను. ‘మూత ఎగురగొట్టుడు’ అను అర్థము వచ్చు పేరుతో బీరుప్రియులు, తయారీదారులు ఒక ఉద్యమము నడిపి శాసనసభ్యులను ఒప్పించిరి. 2005 ఆగస్టులో గవర్నరు సంతకముతో ఆ హద్దు 15 పాళ్లకు పెరిగెను. వృత్తికారుని చేతికట్లు విప్పిన సవరణ యని యొకరు అందురు; మత్తు హెచ్చించిన సవరణ యని మరియొకరు అందురు. రెండుమాటలలోను నిజమున్నది.

2009 మొదలు 2012 వరకు చార్లీ పపాజియన్ అను బీరు గ్రంథకర్త అంతర్జాలమున జరిపిన వోటింగులో ఆష్‌విల్ వరుసగ నాలుగేండ్లు ‘అమెరికా బీరునగరము’ అను బిరుదును ఒంటరిగనో, మరియొక నగరముతో పంచుకొనియో పొందెను. ఆ పేరు విని పెద్ద సంస్థలు కదలివచ్చెను. కాలిఫోర్నియాకు చెందిన సియెరా నెవాడా సంస్థ సమీపమున మిల్స్ రివర్ వద్దను, కొలరాడోకు చెందిన న్యూ బెల్జియం సంస్థ 2016లో పట్టణములోనే నదియొడ్డునను కర్మాగారములు తెరచిరి. వీనికి తోడు అనుబంధవృత్తులు పుట్టెను. దక్షిణప్రాంతపు రైతుల యవలను మాల్టు చేయుటకు 2010లో రివర్‌బెండ్ అను మాల్టుశాల వెలసెను; 2017లో వైట్ లాబ్స్ అను సంస్థ ఈస్టును పెంచి అమ్ముటకు ఒక శాఖ తెరచెను. కుండ చేయువానికి మట్టి త్రవ్వువాడు, బండి తోలువాడు తోడైనట్లు, ఒక వృత్తి చుట్టును పది వృత్తులు అల్లుకొనెను.

ఈ బట్టీల పానశాలలు ఎట్లుండునో చెప్పినగాని చిత్రము పూర్తికాదు. చీకటిగది, మాసిన బల్ల అను మన ఊహకు అవి దూరము. ఒక ప్రక్క గాజుగోడ వెనుక పెద్ద ఉక్కుతొట్లు మెరయుచుండును. తయారీ ఎదుటనే జరుగును. బల్ల వెనుక వరుసగ కొళాయిలు, పైన సుద్దతో వ్రాసిన పలక. పలకమీద పేరు, రకము, మద్యసారపు పాలు, వెల ఉండును. ఏది త్రాగవలెనో తేల్చుకొనలేనివారికి నాలుగైదు చిన్నగ్లాసులను ఒక చెక్కలో నమర్చి రుచి చూపుదురు. గ్లాసు కొక్కంటికి 120 మిల్లీలీటర్లకు మించదు. పెక్కుచోట్ల వంటశాల యుండదు. ముంగిట నిలిచిన తినుబండారముల బండ్లనుండి భోజనము కొనుక్కొందురు. ముసలివారు, సంసారులు, పిల్లలు, పెంపుడుకుక్కలు కూడ ఆవరణలో కనిపింతురు. సాయంకాలము వయొలిను, బాంజోలతో కొండపాటలు సాగును. రచ్చబండయు, కాఫీహోటలును కలిసినట్లుండు నన్నచో మన పాఠకులకు బోధపడును.

ఈ స్వేచ్ఛకు చట్టపు గట్లు కలవు. 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. నెరసిన జుట్టువానిని సైతము గుర్తింపుపత్రము అడుగుట కద్దు. వేళలు నిర్ణయించి, ఆ వేళలలో మాత్రము చౌకగ అమ్మి త్రాగుడును ప్రోత్సహించుట ఆ రాష్ట్రమున నిషిద్ధము. రక్తములో మద్యసారము నూరుపాళ్లకు 0.08 మించిన స్థితిలో వాహనము నడుపుట నేరము. కొండదారులలో ఈ నిబంధన ప్రాణములతో కూడిన విషయము. కావుననే స్నేహబృందములలో ఒకరు ఆ దినము త్రాగకుండ బండి తోలుటకు ఒప్పుకొనుట అచటి వాడుక.

ఇట్టి బట్టీలను ‘చేతిపని’ బట్టీలని వ్యవహరింతురు. ఆ మాటకు తయారీదారుల సంఘము ఒక నిర్వచనము పెట్టుకొన్నది: సంవత్సరమునకు 60 లక్షల పీపాలకు మించి తయారుచేయరాదు; పెద్ద మద్యసంస్థకు అందులో నాలుగవవంతు వాటా యైనను ఉండరాదు. అమెరికా పీపా యనగా సుమారు 117 లీటర్లు. పరిమాణపు హద్దు చాల పెద్దది. అసలైన కీలకము యాజమాన్యము. ఆ కీలకము ఎంత సున్నితమో 2017లో తెలిసివచ్చెను. ఆ యేడు మే నెలలో వికెడ్ వీడ్ సంస్థ, ప్రపంచమున మిక్కిలి పెద్దదైన బీరుసంస్థ ఏబీ ఇన్‌బెవ్‌కు అమ్ముడుపోయెను. రుచి మారలేదు, పనివారు మారలేదు. అయినను దేశములోని తోటి బట్టీలవారు చాలమంది ఆ సంస్థ జరుపదలచిన ఉత్సవమునుండి తప్పుకొనిరి. పెద్దసంస్థ చేతిలో ముడిసరుకు, పంపిణీ, దుకాణపు అరలు ఉన్నపుడు, దాని నీడలో చిన్నవాని సరకునకు చోటు మిగలదని వారి భయము. చేనేతగాండ్రకును మిల్లులకును నడుమ మనము చూచిన వివాదమునకు ఇది దగ్గర చుట్టము.

పట్టణవాసులలో అందరును ఈ పెంపును మెచ్చుకొనుట లేదు. యాత్రికులు పెరిగినకొలది అద్దెలు పెరిగెను. గ్లాసులు కడుగువాడు, వంటవాడు, కొళాయి త్రిప్పువాడు తాము పనిచేయు పట్టణములో నివసింప శక్తిలేక దూరపు లోయలకు తరలిపోవలసి వచ్చెను. ఆరోగ్యము మాట కూడ మరువరాదు. చేతిపని బీరైనను, కర్మాగారపు బీరైనను అందులోని మద్యసారము ఒక్కటే. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ మద్యపానీయములను క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో 1988లోనే చేర్చెను. రుచి, నేర్పు, స్థానికత అను మాటలు ఈ సత్యమును మరుగుపరచజాలవు.

ఇట్లు లాభనష్టములు రెండును మోయుచున్న ఆ పట్టణము మీద 2024 సెప్టెంబరు 27వ తేదీన విపత్తు విరుచుకుపడెను. హెలీన్ అను తుఫాను ముందటి రాత్రి ఫ్లోరిడా తీరమును తాకి, ఉత్తరముగ వందలాది మైళ్లు సాగి, అప్పటికే రెండుదినములుగ తడిసియున్న ఆ కొండలపై కుంభవృష్టి కురియించెను. సముద్రమునకు ఇంత దూరమున, ఇంత ఎత్తున తుఫాను ఏమి చేయగలదను ధీమా ఒక్కనాటిలో పటాపంచలయ్యెను. కొండచరియలు విరిగిపడెను. ఫ్రెంచ్ బ్రాడ్ నది ఆష్‌విల్ వద్ద 24 అడుగులు దాటి, 1916 జూలై మహావరద నాటి మట్టమును మించిపోయెను. ఉత్తర కరోలినాలోనే నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. తక్కువ అద్దెల కొరకు నదియొడ్డు గిడ్డంగులలో చేరిన చిత్రశాలలు, బట్టీలు నీట మునిగెను. ఏ పాత కట్టడములు ఆ వృత్తికి ఊయెలయయ్యెనో, ఆ కట్టడములున్న పల్లమే దానికి గండమయ్యెను.

నది ముంచినవారి సంగతి అట్లుండగ, గట్టుమీది బట్టీలకును దిక్కు లేకపోయెను. నార్త్ ఫోర్క్ జలాశయమునుండి పట్టణమునకు నీరు తెచ్చు పెద్దగొట్టములు ప్రవాహమునకు కొట్టుకొనిపోయెను. 2004లో రెండు తుఫానులు ఆ గొట్టములను తెంచినపుడు, మరల అట్లు జరుగరాదని లోతుగ వేసిన ప్రత్యామ్నాయపు గొట్టము సైతము మిగులలేదు. గొట్టములు అతికించినను నీరు త్రాగుటకు పనికిరాలేదు. అడవినేల కోసుకొనిపోయి, జలాశయములోని నీరు బురదరంగు తిరిగెను. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. సహజముగ స్వచ్ఛమైన నీటికి శుద్ధియంత్రము తేలికదై యుండును; ఆష్‌విల్ శుద్ధికేంద్రము అట్టి తేటనీటికి తగినది. బురదలోని అతిసన్నని రేణువులు తేలికగ అడుగునకు చేరవు. పటిక జాతి లవణములను జలాశయములోనే వేసి, ఆ రేణువులను ముద్దలు కట్టించి అడుగునకు దించవలసి వచ్చెను. మన గ్రామములలో కృష్ణా, గోదావరుల ఎఱ్ఱనీటిని ఇండుపగింజ రాచియో, పటిక త్రిప్పియో తేర్చుట ఎఱిగినవారికి ఈ పద్ధతి తెలిసినదే. పరిమాణము మాత్రము ఒక సరస్సంత.

ఆ నీరు త్రాగుటకు యోగ్యమని ప్రకటించినది నవంబరు 18వ తేదీన. అనగా విపత్తు జరిగిన 53వ దినమున. ఆ కొండలలో ఆకులు ఎఱ్ఱగ, పసుపుగ రంగులు మారు అక్టోబరు నెలయే యాత్రికుల ఋతువు. సంవత్సరపు రాబడిలో పెద్దపాలు ఆ నెలలోనే రావలెను. ఆ నెలయంతయు కొళాయిలు ఎండియుండెను. లారీలతో నీరు తెప్పించుకొని తొట్లు నింపుకొన్నవారు కొందరు. తలుపులు మూసి పనివారిని పంపివేసినవారు మరికొందరు. తిరిగి తెరవలేక పోయినవారును కలరు. కొళాయి త్రిప్పు కుఱ్ఱవాడు, పాత్రలు తోము స్త్రీ, బండిమీద తినుబండారములు అమ్ము కుటుంబము, పానశాలలో వాయించు గాయకుడు — వీరందరి జీతములు ఒక పాతిపెట్టిన గొట్టముమీద ఆధారపడియున్నవని ఆ యేబదిమూడు దినములు స్పష్టము చేసెను.

నీరు తిరిగి వచ్చిన పిదప బట్టీలు ఒక్కటొక్కటిగ తెరువబడెను. అయినను ప్రశ్నలు మిగిలెను. నదియొడ్డున మరల కట్టవలెనా, మెట్టకు తరలవలెనా? తేటనీటికి సరిపోవు శుద్ధికేంద్రముతో సరిపెట్టుకొనవలెనా, బురదనీటిని సైతము తేర్చగల దానిని కట్టవలెనా? అందుల కగు వ్యయమును పన్నురూపమున భరించువారెవరు? యాత్రికుల వలన వచ్చు రాబడిలో యాత్రికులను పిలుచు ప్రకటనలకెంత, గొట్టములకెంత? 1930 నాటి అప్పును నలుబదియారేండ్లు తీర్చిన పట్టణమునకు అప్పు అనిన భయము సహజము. కాని వ్యయము చేయకుండుటయు ఒకవిధమైన అప్పే యని 2024 తెలిపినది.

మద్యము మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు ఈ ప్రసంగమున మేము పూనుకొనలేదు. ఆ తీర్పు ఎవరి యింటిలో వారు, ఎవరి యూరిలో వారు ఇచ్చుకొనవలసినదే; ఆష్‌విల్ వారు 1907లో ఒకరీతిగ, తరువాత వేరొకరీతిగ ఇచ్చుకొనిరి. అయితే బీరు త్రాగువారికిని, దానిని ముట్టనివారికిని సమానముగ వర్తించు విషయమొకటి ఈ చరిత్రలో కలదు. వృత్తి ఎంత నేర్పుతో కూడినదైనను, పేరు ఎంత దూరము ప్రాకినను, దాని వేరు ఊరి నీటిలో నుండును. అడవిని కాచి నీటిని తేటగ నుంచుకొన్న పురపాలకసంఘపు దూరదృష్టి వలన ఆ పట్టణమున ఒక వృత్తి నిలిచెను. ఆ నీటిని దింపు గొట్టము తెగిన నాడు వృత్తియు, పసిపిల్లల పాలసీసాయు ఒక్కటిగనే నిలిచిపోయెను. మన యూళ్లలో సైతము చెరువుగట్టుకు, మంచినీటి గొట్టమునకు పెట్టు ఖర్చును చర్చించునపుడు ఆ 53 దినములు జ్ఞప్తియం దుంచుకొనదగినవి.